రెండు బిళ్లలు

మా ఆట ఆడేవాళ్లలో కొందరు ఇప్పటికీ నన్ను తిడుతుంటారు. నా పేరు వాళ్లకు తెలియదు కాబట్టి, ఆ బిళ్లలు పెట్టిన మహానుభావులెవరో అని తిడతారు. అది కంప్యూటర్‌లో ఆడే ఓడదొంగల ఆట. తుఫాను దాటి వచ్చినా, ఏదో దీవిలో దిగి దోచుకుని వచ్చినా, ఓడ మళ్లీ కదలాలంటే ముందు ఒక పని చెయ్యాలి. తెరచాప స్తంభం పక్కన ఒక చెక్క పలక, దాని నిండా మేకులు ఉంటాయి. తిరిగి వచ్చిన ఒక్కొక్క మనిషి మొహం చూసి, అతని బిళ్లను మేకుకు తగిలించాలి. ఇరవై మంది ఉంటే ఇరవై సార్లు. "ఇదేం చాదస్తం, అన్నీ ఒకేసారి తగిలించే మీట పెడితే మీ సొమ్మేం పోయింది?" అని రాస్తారు. ఆ మీట ఒకప్పుడు ఉండేది. పట్టుబట్టి తీయించింది నేనే.

ఎందుకు తీయించానో ఆఫీసులో కొంచెమే చెప్పాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఒకామెకు తెలియకూడని సంగతి ఉంది.

నేను నస్పూర్‌లో పుట్టి పెరిగాను. మా బాపు బాయిలో పనిచేసేవాడు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనీ, నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. నేను చదువుకుని హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. తెర మీద ఏ మనిషి ఏం చేస్తాడో, ఏం జరిగితే ఏమవుతుందో రాసిపెట్టడం నా పని. అవ్వ పోయాక బాపు ఇంట్లో మాట్లాడటం దాదాపు మానేశాడని తెలిసి, ఇంటి నుంచే పనిచేస్తానని అడిగి వచ్చేశాను. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు దుమ్ముతో గట్టిపడిపోయాయి. వాకిట్లో నుంచి గేటు దాకా నడిస్తే రెండుసార్లు ఆగేవాడు.

అలాంటి రోజుల్లో మా టీము పెద్ద, వయసులో నాకన్నా చిన్నవాడే, అందరినీ తెర మీదకు పిలిచి ఒక పని అప్పజెప్పాడు. ఆట బాగుంది కానీ లోపలికి లాగడం లేదట. ఆడేవాడు తాను కుర్చీలో కూర్చున్న సంగతి మరిచిపోవాలట. వారంలోగా తలా పది ఆలోచనలు పంపమన్నాడు. నేను కూర్చుని రాశాను. సముద్రపు పక్షుల అరుపులు, నీళ్ల మీద వెన్నెల, తెర మీద పడి జారే ఉప్పునీటి చుక్కలు. అన్నీ వేరే ఆటల్లో చూసినవే. నా మొహం, నాకు సముద్రం గురించి ఏం తెలుసు? కాలేజీ వాళ్లు విశాఖపట్నం తీసుకుపోయినప్పుడు ఒక్కసారి పడవెక్కాను. ఆ అరగంటా ప్లాస్టిక్ సంచిలో తలపెట్టి వాంతులు చేసుకోవడమే సరిపోయింది.

బాపు మంచం నేను పనిచేసే గదిలోనే ఉండేది. నా ఫోన్లూ, నా గొణుగుడూ అన్నీ ఆయనకు వినబడేవి. ఎందుకట్ల పరేషాన్ అయితున్నవని ఒక రోజు అడిగాడు. ఓడల ముచ్చట, నీకు తెల్వదులే బాపూ అని కసిరాను. కాసేపయ్యాక మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"ఓడ కట్టెతోనే చేస్తరు గదా బిడ్డా?"

"ఆఁ, కట్టెతోనే."

"మరి మీ ఆటల కట్టె మొత్తుకుంటదా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. బాయిలో పైకప్పు కూలకుండా కింద కట్టె దుంగలు నిలబెడతారు. తర్వాత తర్వాత ఇనుపవి వచ్చాయి కానీ పాతవాళ్లకు కట్టె మీదే నమ్మకం. పైన బరువు పెరిగితే కట్టె ముందే చెబుతుంది. మొదట చిటుకు చిటుకుమంటుంది, తర్వాత మూలుగుతుంది, తర్వాత గట్టిగా మొత్తుకుంటుంది. మనిషి పరుగెత్తడానికి అంత వ్యవధి ఇస్తుంది. ఇనుము అలా కాదు, ఒక్క మాటా చెప్పకుండా ఒరిగిపోతుంది. అందుకే లోపల తింటున్నా, కొట్లాడుకుంటున్నా ఒక చెవి దుంగల మీదే ఉంటుంది. అందుకే లోపల ఎవరూ ఈల వేయరు. మీ ఓడలో మనుషులకు కూడా అట్లా ఒక చెవి ఉండాలి కదా అన్నాడు.

నేను రాసిన పది ఆలోచనలూ కొట్టేసి ఆ ఒక్కటే పంపాను. హైదరాబాదులో అందరూ ఎగిరి గంతేశారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం చాయ్ తాగాక నేను అడగడం, ఆయన చెప్పడం. ఓడ అడుగున సరుకుల గదిని మేము నీలిరంగు మసక వెలుతురుతో చేశాం. బాపు చూసి నవ్వాడు. గిది చీకటా, గిది ఎన్నెల అన్నాడు. అసలు చీకట్లో కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో కూడా తెలియదట, వేలితో రెప్ప తడిమి చూసుకోవాలట. దాంతో ఆటలో లాంతరు ఆరిపోతే తెర మొత్తం నల్లబడి, చప్పుళ్లు మాత్రమే వినబడేలా చేశాం. ఎలుకలు ఒక్కసారిగా ఒకవైపు పరుగెడితే మనుషులు కూడా అటే పరుగెత్తాలన్నది కూడా ఆయనదే. ఇంకో రోజు మా ఓడలో తాగే నీళ్లు ఎక్కడ పెట్టారని అడిగాడు. మేము సారా పీపాలు పెట్టాం కానీ నీళ్ల సంగతే మరిచిపోయాం. బాపు మొహం మారిపోయింది.

"దూపైతే తాగ నీళ్లు లేకుంట మనిషి ఎంతసేపుంటడు బిడ్డా?" అని అడిగాడు.

రెండు మూడు రోజులేమో అని ఏదో చెప్పి, నీళ్ల పీపా అని కాగితం మీద రాసుకున్నాను. ఆ ప్రశ్న ఎవరి గురించో నాకేం తెలుసు.

అబద్ధమెందుకు, అవి మా ఇద్దరికీ మంచి రోజులు. ఆయన మాట్లాడుతున్నాడు, నాకు ఆఫీసులో పేరొస్తోంది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఇక్కడ బాపు దోస్తు గురించి చెప్పాలి. ఆయన్ని నేను కాక అని పిలిచేదాన్ని. లక్సెట్టిపేట నుంచి రోజూ బస్సులో వచ్చి బాపుతో పాటు అదే బాయిలో దిగేవాడు. దుంగలు కోసి నిలబెట్టే పని ఆయనది, ఆ పనికి సొంత గొడ్డలి ఉండేది. వాళ్లు మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. క్రిస్మస్‌కు వాళ్లింటి కేకు మా ఇంటికి, దసరాకు మా ఇంటి సకినాలు వాళ్లింటికి వెళ్లేవి. నేను పదో తరగతిలో ఉండగా బాయిలో పైకప్పు కూలి కాక చనిపోయాడు. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి, తన బిళ్ల మేకుకు తగిలించి, మరిచిపోయిన గొడ్డలి కోసం ఎవరికీ చెప్పకుండా మళ్లీ దిగాడని అన్నారు. తొందరపాటు ఆయనదే అన్నారు. కాగితాల్లోనూ అదే రాశారు. ఆ తర్వాత మా ఇంట్లో కాక పేరు ఎత్తితే బాపు లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఇదంతా తెలిసి కూడా నేను బిళ్లల గురించి అడిగాను చూడండి, అదీ నా బుద్ధి. ఓడలోని మనుషుల మీద ఆడేవాడికి పట్టింపు కలిగేలా ఏదైనా కావాలని మా టీము పెద్ద అడిగాడు. లోపల ఎవరైనా మిగిలిపోతే మీకెట్ల తెలిసేదని నేను బాపును అడిగాను. ఆయన నేల చూస్తూ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు పలక మీది బిళ్ల తీసి జేబులో వేసుకోవాలి, పైకి వచ్చాక తిరిగి తగిలించాలి. ఖాళీ మేకు ఉందంటే ఒకరు లోపల ఉన్నారని లెక్క. పలక నిండితే క్లర్కు పుస్తకం మూసి ఇంటికి పోతాడు. అంత చెప్పి, ఇగ చాలు బిడ్డా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిసిపోయాడనుకున్నాను. నేను మాత్రం ఒక్క ఊపున కూర్చుని, నా ఉద్యోగంలో రాసిన వాటన్నిటిలోకీ మంచి కాగితం రాసి పంపాను.

రెండు నెలలకు ఆట కొత్త రూపంలో వచ్చింది. ఒక మధ్యాహ్నం బాపును కుర్చీలో కూర్చోబెట్టి చేతికి మౌస్ ఇచ్చాను. ఓడ కట్టె కిర్రుమంటే తలూపాడు. లాంతరు ఆరిపోతే, ఆఁ గిది చీకటి అన్నాడు. పన్నెండుమంది మనుషులతో దీవిలో దిగి, తిరిగి ఓడెక్కే దాకా నేను పక్కనే నిలబడి చూశాను. అప్పుడు బిళ్లల పలక వచ్చింది. బాపు ఒక్కొక్క మొహం దగ్గర ఆగి, నెమ్మదిగా ఒక్కొక్క బిళ్లా తగిలిస్తున్నాడు. నాలుగో బిళ్ల దగ్గరికి వచ్చేసరికే నాకు ఓపిక పోయింది. నాకు మొదటినుంచీ అంతే, ఎవరైనా నెమ్మదిగా చేస్తుంటే చెయ్యి ఊరుకోదు. తొందరున్నవాళ్ల కోసం మావాళ్లు ఒక మీట పెట్టారు. చెయ్యి చాచి అది నొక్కేశాను.

"గిట్ల ఒక్కసారే అయిపోతయి బాపూ," అన్నాను.

బిళ్లలన్నీ గలగలమని మేకులకు ఎక్కాయి. లంగరు లేచింది. ఓడ కదిలింది. దీవి ఒడ్డున ఒక మనిషి నీళ్ల పీపా భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తూ చెయ్యి ఊపుతున్నాడు.

"ఆపు. ఓడ ఆపు బిడ్డా. వాడు ఎక్కలే."

ఇది ఆటే కదా, వాడు మళ్లీ దొరుకుతాడు అని నవ్వాను. బాపు లేచి నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. వాడు ఎక్కలే, వాడు ఎక్కలే అని రెండు చేతులతో తెరను పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ మూసేసి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టాను. అవ్వ పోయిన రోజు కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొంత నెమ్మదించాక చెప్పాడు. మొదటి షిఫ్టు ముగిసేసరికి పలక ముందు పెద్ద వరుస ఉండేదట. లక్సెట్టిపేట బస్సు ఎవరికోసమూ ఆగదు. అందుకని దోస్తులు ఒకరి బిళ్ల ఒకరు తగిలించేవాళ్లు. చెయ్యకూడని పనే, కానీ అందరూ చేసేవాళ్లు. బాపు, కాక ఏళ్ల తరబడి అట్లాగే చేశారు. ఆ రోజు పైకి వచ్చే ఏటవాలు దారిలో సగం నడిచాక కాకకు గొడ్డలి గుర్తొచ్చింది. నా బిళ్ల కూడా ఏసెయ్యి, నేను గొడ్డలి తీసుకుని అటే బస్సుకు పోతా అన్నాడు. బాపు అక్కడున్న డ్రమ్ములో నుంచి అతని సీసా నిండా నీళ్లు పట్టి ఇచ్చి, బిళ్ల తీసుకుని పైకి వచ్చేశాడు. రెండు బిళ్లలూ తగిలించి ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు.

పలక నిండింది. క్లర్కు పుస్తకం మూశాడు. తలకు కట్టుకునే దీపాలు తిరిగి అప్పజెప్పే గదిలో ఒక దీపం తక్కువ వచ్చిందట, ఎవడో ఇంటికి పట్టుకుపోయాడనుకున్నారట. రెండో షిఫ్టు వాళ్లకు ఆ రోజు వేరేవైపు పని. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కాక భార్య, నేను చిన్నమ్మ అంటాను, మా ఇంటికి వచ్చి ఆయన ఇక్కడున్నాడా అని అడిగింది. ఆ తలుపు తీసింది నేనే. బాపు చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద పరుగెత్తడం నేను చూశాను. మరునాడు తెల్లవారాక, కూలిన రాళ్ల మధ్య కాక దొరికాడు.

"నా చేతులతోటి నేనే వాన్ని పైకెక్కించిన బిడ్డా. వాడు లోపట్నే ఉన్నడు."

అడిగినవాళ్లకు ఈ సంగతి చెప్పడానికి ఆ రోజు బాపుకు నోరు పెగల్లేదట. ఆ రోజు పెగలని నోరు ఆ తర్వాత ఎప్పుడూ పెగల్లేదు. చెప్పడం అయిపోయిందనుకున్నాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట చెప్పాడు.

"సీసా వాని పక్కన నిలవెట్టి ఉన్నది. మూత పెట్టి ఉన్నది. లోపట సుక్క లేదు."

నిండా నీళ్లు పట్టి ఇచ్చింది ఆయనే కాబట్టి, అది ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకే తెలుసు. రాళ్లు తీసినవాళ్లలో ముందున్నది బాపే. ఆ సీసాను అంగీ లోపల దాచుకుని వచ్చి గోదావరిలో పడేశాడట. ఒక్క దెబ్బకే ప్రాణం పోయిందని అందరూ అనుకున్నారు, చిన్నమ్మకూ అదే చెప్పారు.

మరొకరైతే ఊరుకునేవాళ్లు. నేను ఊరుకోలేదు. కాక తప్పు లేదన్న సంగతి చిన్నమ్మకు తెలియాలి కదా, చెబితే నీ బరువు దిగుతుంది కదా అని చెవిలో జోరీగలా పది రోజులు వేధించాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని మొదట్లో అన్నాడు. చివరికి, ఊపిరి ఆడుతున్నప్పుడే పోదాం పా అన్నాడు.

లక్సెట్టిపేటలో చిన్నమ్మ ఇంటి ముందు ఆటో దిగేసరికి ఆమె అరుగు మీద కూర్చుని బియ్యంలో మెరికలు ఏరుతోంది. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చామని సంబరపడింది. అన్నా అంటూ బాపు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. బాపు ఆ చెంబు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"చెల్లె, ఆ దినం వాడు బయటికి రాలే. వాని బిళ్ల నేనేసిన."

చిన్నమ్మ చేట పక్కన పెట్టింది. బాపు ఆగి ఆగి, దగ్గుతూ మొత్తం చెప్పాడు. గొడ్డలి సంగతి, బస్సు సంగతి, రోజూ చేసే పని అదేనన్న సంగతి. ఆమె ఆయన్నే చూస్తూ విన్నది.

"అంటే పైకొచ్చి మళ్ల దిగలేనా?" అని అడిగింది.

"దిగలే. వాని తప్పేం లేదు."

"ఇన్నేండ్లు ఆయిననే తిట్టుకున్న గదన్నా. ప్రార్థనల కూసున్నప్పుడు గూడ తిట్టుకున్న. గొడ్డలి ఎక్కువయ్యి మమ్ముల ఇడిసిపెట్టిండని."

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. బాపు మీద అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కొంగు తీసి ఇంకొక్కటి అడిగింది.

"ఎంటనే పోయిండని చెప్పిండ్రు. గదన్న నిజమేనా అన్నా?"

బాపు చేతిలోని చెంబు తొణికి నీళ్లు ధోతి మీద పడ్డాయి.

"నిజమే చెల్లె. ఎంటనే పోయిండు. వానికేం తెల్వదు."

కొంచెంసేపు ఒక్కదాన్నే ఉండాలనుందని, ఏమీ అనుకోవద్దని చిన్నమ్మ అన్నది. చాయ్ కూడా తాగకుండా లేచాం. క్షమించానని ఆమె అనలేదు, బాపు కూడా అడగలేదు.

బస్సులో మంచిర్యాల వచ్చేదాకా బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగే ముందు, సగమే చెప్పిన బిడ్డా అన్నాడు. నేను తలూపాను. చెబితే బరువు దిగుతుందని ఆయనకు పాఠం చెప్పినదాన్ని. మోయలేని సగం ఆయన దగ్గరే ఉండిపోయింది. దానికి ఆసరాగా ఉన్న దుంగలన్నీ నేనే ఊడబీకాను.

మరునాడే ఆ మీట తీసేయాలని ఆఫీసులో గొడవ పెట్టుకున్నాను. ఆడేవాళ్లకు విసుగొస్తుంది, అంత నెమ్మది పనికిరాదు అన్నారు. ఆడేవాడు ఓడలోనే ఉన్నాననుకోవాలని మీరే కదా అడిగింది, ఓడలో ఉన్నవాడు తన మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసుకోకుండా లంగరు ఎత్తుతాడా అని నోటికొచ్చినట్టు అరిచాను. అరిచి ఏడ్చాను. ఏడుపు చూసే ఒప్పుకున్నారనుకుంటా. బాపు ఆ ఆటను మళ్లీ ముట్టుకోలేదు. ఒక్కసారి మాత్రం గా మీట తీసేసిండ్రా అని అడిగాడు. తీసేసినం బాపూ అంటే, మంచిదన్నాడు.

ఆ వానాకాలం ముగిసేసరికి బాపు పోయాడు. చివరి రెండు రోజులూ ఊపిరి కోసం చాలా కష్టపడ్డాడు. కబురు అందుకుని చిన్నమ్మ లక్సెట్టిపేట నుంచి మొదటి బస్సుకే వచ్చింది. బాపును వాకిట్లో పడుకోబెట్టారు. మావాళ్లందరూ వరుసగా వచ్చి నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోసి పక్కకు జరుగుతున్నారు. చిన్నమ్మ గోడ దగ్గర నిలబడి చూస్తోంది. వాళ్ల పద్ధతి వేరు కదా, ఎవరూ ఆమెను పిలవలేదు.

అందరూ అయ్యాక ఆమె తనంతట తానే ముందుకు వచ్చింది. సంచిలోంచి తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా తీసి, బాపు పక్కన కూర్చుని, కొద్దికొద్దిగా పెదవుల మీద పోసింది. మిగిలిన నీళ్లతో కొంగు తడిపి ఆయన మొహమంతా తుడిచింది. ఖాళీ సీసాకు మూత పెట్టి తల పక్కన నిలబెట్టింది. నేను ఆ సీసా వైపు చూడలేకపోయాను.

"మా ఆయినకు సుక్క నీళ్లు పోసే నసీబు గూడ నాకు లేకపాయె బిడ్డా. మొఖం గూడ సూడనియ్యలే. అయితే మీ బాపు చెప్పిండు గదా, ఎంటనే పోయిండని. దూప గూడ అయ్యుండది. గదొక్కటే నాకు ధైర్నం."

చెప్పి నా మొహంలోకి చూసింది. అవునని ఇంకొక్కసారి ఎవరైనా అంటే వినాలని చూస్తోంది. అనడానికి బాపు లేడు.

"అవును చిన్నమ్మా. ఎంటనే పోయిండు," అన్నాను.